సీజర్ కోసం వేసి ఉంచిన గడియ

బురాంగీ, విమ్మెరా జిల్లా,
విక్టోరియా కాలనీ, ఆస్ట్రేలియా.
18 మార్చి 1889.

జిల్లా పోలీసు సూపరింటెండెంటు దొరవారి సముఖమునకు, బురాంగీ నివాసి, గోధుమ రైతు ఫిలిప్ కెర్మీన్ వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: దొరికినట్లు తమ కార్యాలయం వారు తేల్చిన నా తోబుట్టువులు ముగ్గురిలో ఒక్కరు కూడా ఇల్లు చేరలేదు గనుక, వారిని, ముఖ్యముగా మా పెద్దన్న సీజర్ కెర్మీన్‌ను, మరల వెదకించవలెనని.

నా మునుపటి అర్జీకి గత నెలలో తమ కార్యాలయం నుండి వచ్చిన జవాబు అందినది. అందులో "ముగ్గురూ దొరికినారు, విచారణ ముగిసినది" అని ఉన్నది. దానిని మా అమ్మకు చదివి వినిపించాను. ఆమె రెండోసారి చదవమన్నది. చదివాను. "దొరికితే ఏరీ?" అని అడిగింది. అందువలన తమకు ఈ క్రింది విధముగా విన్నవించుకొనుచున్నాను.

1. మా తల్లిదండ్రులు ఇంగ్లండుకూ ఐర్లండుకూ నడుమనున్న మాన్ దీవి వాళ్ళు. బంగారం కోసం ఓడెక్కి ఈ కాలనీకి వచ్చారు. బంగారం దొరకలేదు. ఈ పొలం దొరికింది. పిల్లలం నలుగురం. పెద్దవాడు సీజర్, తర్వాత ఏవన్, తర్వాత మా అక్క మార్జరీ, చివర నేను. నలుగురికీ నాన్న జుట్టే వచ్చింది. ఎర్రది. ఎర్రజుట్టు ఈ కాలనీలో నేరం కాదని నాకు తెలుసును. మా ఇంట్లో మాత్రం సంవత్సరానికి ఒక పూట నేరం.

2. అది ఎట్లాగంటే, కొత్త సంవత్సరం వచ్చాక బయటి నుంచి మొదట గడప దాటే మనిషిని మా దీవివాళ్ళు క్వాల్టా అంటారు. ఆ ఏడాది ఇంటి మంచిచెడ్డలు ఆ మనిషి అడుగును బట్టి ఉంటాయి. నల్లజుట్టు మగవాడైతే మేలు. ఆడమనిషి పనికిరాదు. పాదం వంకరగా ఉన్నవాడు పనికిరాడు. ఎర్రజుట్టువాడు అసలే పనికిరాడు. తమరు నవ్వవచ్చును. తమ గుమాస్తాగారు నవ్వారు. అయితే 1877లో మా గడప మొదట దాటినవాడు గిన్నెలు అమ్ముకునే ఎర్రజుట్టు మనిషి. వద్దనేలోపలే లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆ ఏడు కోతలు కాకముందే నాన్న మీద బావి కూలింది. తర్వాత ఈ విషయంలో అమ్మతో ఎవరూ వాదించలేదు.

3. మరుసటి ఏడు జనవరి ఒకటో తేదీ తెల్లవారుతుండగా ఎవరో తలుపు కొట్టారు.

"ఎవరది?" అంది అమ్మ.

"నేనేనమ్మా, సీజర్ని."

సీజర్ అప్పటికి చాలాకాలంగా ఉత్తరాన గొర్రెల బొచ్చు కత్తిరించే పనిలో ఉన్నాడు. నాన్న పోయిన సంగతి ఆలస్యంగా తెలిసింది. క్రిస్మసుకు ఇంట్లో ఉండాలని బయలుదేరితే దారిలో గుర్రం కుంటిదైంది. దాన్ని ఎవరి కొట్టంలోనో వదిలేసి నడిచి వచ్చాడు. అమ్మ గడియ మీద చెయ్యి వేసి ఆగిపోయింది.

"ఒరే, ఇవ్వాళ ఏం రోజో తెలుసా?"

"తెలీదు. రోడ్డు మీద ఏం తెలుస్తుంది?"

"కొత్త సంవత్సరం రా."



"అమ్మా, బూట్లలో అట్టముక్కలు పెట్టుకుని నడిచొచ్చాను."

"నడిచినవాడివి నడిచావు, ఇంకో గంట కూచో. ట్రెగెంజాని పిలిపిస్తా. అతను అడుగు పెట్టగానే అతని వెనకే నువ్వు."

"పోయినేడు వచ్చినవాడిది నాలాంటి జుట్టేనా?"

"అచ్చంగా నీదే."

"సరే అయితే," అని సీజర్ మూట దించి గోడకు ఆనుకొని కూర్చున్నాడు.

ట్రెగెంజా మా పొరుగు రైతు. కార్న్‌వాల్ మనిషి. అప్పట్లో ఆయన జుట్టు కాకి రెక్కలాగా ఉండేది. వడ్రంగం కూడా తెలుసు. ఆయన్ను పిలుచుకురమ్మని అమ్మ ఏవన్‌ను పంపింది. తలుపు తీస్తే సీజర్ పొరపాటున గడప దాటతాడేమోనని ఏవన్‌ను కిటికీలోంచి దింపింది. మా ఇంటికి ఉన్నది ఒక్కటే తలుపు. కిటికీని దారిగా వాడటం మా ఇంట్లో ఆ విధముగా మొదలైనది.

ట్రెగెంజా ఇంట్లో లేడు. పండగ రోజు గుర్రప్పందేలు చూడటానికి పక్క ఊరు పోయాడు. ఏవన్ అటే పోయాడు. మధ్యాహ్నం అయింది. తమరు ఈ జిల్లాకు కొత్త కాదు, జనవరి నడివేసవి మధ్యాహ్నం ఇక్కడ ఎట్లా ఉంటుందో వేరే వ్రాయనక్కరలేదు. అమ్మ కిటికీలోంచి బొనాగ్ రొట్టె, చల్లటి మాంసం, టీ అందించింది. సీజర్ తిన్నాడు. గోడ నీడ తరిగేకొద్దీ జరుగుతూ కూర్చున్నాడు. మార్జరీ కిటికీలోంచి తల బయటపెట్టింది.

"అన్నయ్యా, బూట్లకు రాసే నల్లరంగు డబ్బా ఉంది. నెత్తికి పట్టించనా? ఎవరికి తెలుస్తుంది?"

"నువ్వు నోరు మూసుకుని లోపలికి రావే," అంది అమ్మ. "మనుషుల్ని మోసం చెయ్యొచ్చు. సంవత్సరాన్ని చేస్తావా?"

"పెట్టనీవే అమ్మా, ఈ ఎండకి ఎలాగూ కరిగి మొహం మీదికొస్తుంది," అన్నాడు సీజర్. అప్పుడు అమ్మ కూడా నవ్వింది. ఆ రోజు ఆమె నవ్వింది ఆ ఒక్కసారే కనుక వ్రాసినాను.

ఏవన్ రాలేదు. వాణ్ణి లాక్కురమ్మని అమ్మ మార్జరీని పంపింది. ఆమె కూడా కిటికీలోంచే దిగింది. నేను పుట్టుకతో కుడిపాదం వంకర ఉన్నవాణ్ణి, దూరం నడవలేను గనుక నన్ను పంపలేదు. పొద్దు వాలింది. సీజర్ లేచి మూట కట్టుకున్నాడు.

"ఉండరా, ఇంకాసేపట్లో వస్తారు," అంది అమ్మ.

"రేపటికి రోజు మారుతుంది కదా, అప్పుడు రానిస్తావా?"

అమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు. "రోజు మారితే మాత్రం? ఎప్పుడు పడినా మొదటి అడుగు మొదటి అడుగే," అంది.

"అయితే తొందరేముందిలే," అన్నాడు సీజర్. ఆ మాట మా దీవివాళ్ళందరి నోటా ఉండేదే. విత్తనాలకూ అదే అంటారు, పెళ్ళికీ అదే అంటారు. సీజర్ కోపంగా అనలేదు. నీళ్ళ డబ్బా నింపి ఇమ్మన్నాడు. నేను కిటికీలోంచి అందించాను. రోడ్డెక్కి ఎడమవైపు తిరిగాడు.

మర్నాడు పొద్దున్నే ట్రెగెంజా వచ్చి తలుపు కొట్టాడు. ఏవన్ తన కోసం వచ్చి వెళ్ళాడని వాళ్ళావిడ చెప్పిందట. ఉతికిన చొక్కా వేసుకొని, జుట్టు తడిపి దువ్వుకొని వచ్చాడు. అమ్మ తలుపు తీయలేదు.

"వాడు వెళ్ళిపోయాక నువ్వెందుకయ్యా?" అంది లోపలి నుంచి. "ఇక ఈ గడప మీద మొదటి అడుగు సీజర్‌ది. ఎవరైనా ఆ తర్వాతే."

ఆ గడియ ఈ రోజు వరకు అట్లాగే ఉన్నది. మేము కిటికీలోంచి దిగుతాము, కిటికీలోంచి ఎక్కుతాము. బయట ఒక పెట్టె, లోపల ఒక బల్ల వేసి ఉంచినాను. మెథడిస్టు పాస్టరుగారు కూడా ప్రార్థనకు అట్లాగే వస్తారు. మొదటిసారి ఆయన అమ్మను మందలించబోయారు కానీ, సగం లోపల, సగం బయట ఉండగా మందలింపు సాగలేదు.

4. మార్జరీ విషయం. తమ కానిస్టేబులుగారు ఆమెను రైలు స్టేషను ఉన్న ఊళ్ళో, ఒక హోటలు వంటింట్లో కనుగొన్నారు. పెళ్ళయింది. పిల్లలున్నారు. "ఏమమ్మా, తప్పిపోయిన మార్జరీ కెర్మీన్ నువ్వేనా?" అని అడిగితే, "నేను తప్పిపోవడమేంటండీ, ఏవన్‌ని తీసుకురమ్మంటే వచ్చాను. వాడు దొరకలేదు. వాడు లేకుండా ఇంటికెళ్తే మా అమ్మ మొదట అడిగే మాటేంటో మీకు తెలీదు, నాకు తెలుసు," అని చెప్పినదట. కానిస్టేబులుగారు అది వ్రాసుకొని, ఆమె పెట్టిన భోజనం చేసి వచ్చారు.

ఏవన్ పొరుగు కాలనీలో, మర్రే నది మీద సరుకుల పడవలో పని చేస్తున్నాడు. అక్కడి పోలీసులు అడిగితే, "నేను తప్పిపోలేదు, పని మీద ఉన్నాను. నల్లజుట్టు మనిషిని తీసుకురమ్మని అమ్మ పంపింది," అన్నాడు. ఇన్నేళ్ళా అని అడిగారట. "మనుషులకు వాళ్ళ పనులుంటాయి కదండీ. ఒకడు సరేనని నాతో బయలుదేరాడు. దారిలో ఒక వితంతువు ఇంట్లో భోజనానికి ఆగాం. వాడు ఇంకా అక్కడే ఉన్నాడు," అని జవాబు. ఈ మాట నిజమో అబద్ధమో నాకు తెలియదు. ఏవన్ చిన్నప్పుడు కూడా ఉప్పుకు పంపితే కుక్కపిల్లతో వచ్చేవాడు.

ఇద్దరికీ నేను ఉత్తరాలు వ్రాసినాను. ఏవన్ వస్తే వస్తానని అక్క వ్రాసింది. సీజర్ జాడ తెలియకుండా ఏ మొహం పెట్టుకుని వస్తానని ఏవన్ వ్రాసినాడు. కావున ఇద్దరూ ఎక్కడ ఉన్నారో తెలిసి కూడా, సీజర్ దొరికే వరకు దొరకనివారి క్రిందే లెక్క అని మనవి.

5. సీజర్ విషయం. ఇది కొంత ఇబ్బందికరమైనది. కానిస్టేబులుగారి మీద ఫిర్యాదు అనుకోవద్దు.

గత నవంబరులో కానిస్టేబులుగారు గుర్రం మీద ఒక ఎర్రజుట్టు మనిషిని ఎక్కించుకొని వచ్చి, "ఇదిగోనమ్మా మీ సీజర్," అన్నారు. అమ్మ అప్పటికి మంచం మీద ఉంది. కిటికీ దగ్గరికి తీసుకురమ్మన్నది. ఆ మనిషి టోపీ తీశాడు.

"నీ పేరేంటి నాయనా?"

అతను కానిస్టేబులుగారి వైపు చూశాడు. "సీజర్ అని చెప్పమన్నారమ్మా."

"చెప్పమన్నది సరే. మీ అమ్మ ఏమని పిలిచేది?"

"డినీ అనేది. డినీ హోగన్‌ని. అన్నం పెడతారంటే వచ్చాను."

"ముసలావిడ చూపు తప్పింది," అన్నారు కానిస్టేబులుగారు నాతో. "జుట్టు సరిపోయింది, వయసు సరిపోయింది, మనిషి కాదనట్లేదు. ఇంకేం కావాలయ్యా నీకు?"

"వాడే కాదన్నాడు కదండీ ఇప్పుడు."

"ఇప్పుడన్నాడు. దారిలో అనలేదు."

అమ్మ ఈ మాటలేవీ పట్టించుకోలేదు. "ఆవుకి పాలు తియ్యడం వచ్చా?" అని అడిగింది.

"ఐర్లండులో పుట్టినవాణ్ణి ఆ మాట అడక్కూడదమ్మా," అన్నాడు డినీ.

"అయితే కిటికీలోంచి రా."

తర్వాత కానిస్టేబులుగారు ఒక కాగితం ఇచ్చి సంతకం చేయమన్నారు. "ఒక మనిషి ముట్టినాడు" అని ఉంది. మనిషి ముట్టిన మాట నిజమే కనుక అమ్మ సంతకం చేసింది. ఆ కాగితం ఆధారముగానే సీజర్ దొరికినట్లు తమ కార్యాలయం తేల్చినదని నేను గ్రహించినాను.

డినీ హోగన్ మంచి మనిషి. పాలు తీస్తాడు, కంచె బాగు చేస్తాడు, అమ్మతో పోట్లాడతాడు. అతన్ని వెనక్కు తీసుకోమని నేను కోరుట లేదు. అతడు సీజర్ కాదని మాత్రము వ్రాతమూలకముగా తెలియజేయుచున్నాను. ఈ పేరా క్రింద అతడు కూడా తన గుర్తు పెట్టినాడు.

6. అసలు తొందర. క్రిస్మసు తర్వాత అమ్మకు కాళ్ళు వాచినాయి. డాక్టరుగారు కిటికీలోంచి వచ్చి చూసి, కిటికీలోంచి దిగి, నన్ను పక్కకు పిలిచి, చలికాలం దాటదన్నారు. అమ్మకు చెవులు బాగానే పనిచేస్తాయి. "ట్రెగెంజాని పిలువు, శవపేటికకు కొలత తీసుకుంటాడు," అని లోపలి నుంచి కేకవేసింది.

ట్రెగెంజా వచ్చి అమ్మను కొలిచాడు. తర్వాత కిటికీని కొలిచాడు. కిటికీని మళ్ళీ కొలిచాడు. బయటికి వచ్చి పైపు వెలిగించుకున్నాడు.

"ఫిలిప్పూ, పట్టదయ్యా."

"ఏటవాలుగా పెడితేనో?"

"నిలబెట్టినా పట్టదు. కిటికీ కోసెయ్యాలి, లేదా ఆ తలుపు తియ్యాలి. కిటికీ కోస్తే పైదూలం దిగిపోతుంది. ఇల్లు మీదికొస్తుంది."

"నేను విన్నాను," అంది అమ్మ. "దూలం జోలికి పోకండి. మీ నాన్న ఎత్తింది. తలుపు జోలికీ పోకండి. వాడు లోపలికి రాకముందు నేను అందులోంచి బయటికి పోను."

"పెద్దమ్మా, చచ్చినవాళ్ళు ఎటు నుంచి పోతే ఏం?" అన్నాడు డినీ.

"నువ్వు చచ్చినప్పుడు నీ ఇష్టం వచ్చిన దారిన పో."

నేను చెప్పి చూశాను. పాస్టరుగారు చెప్పి చూశారు. నేను అన్నదేమంటే, నువ్వు పోయాక తలుపు తీస్తే నీకేం తెలుస్తుందమ్మా అని. "నాకు తెలీదు. నీకు తెలుస్తుంది కదరా," అన్నది. అయ్యా, ఆ మాట తర్వాత నేను ఆ గడియ మీద చెయ్యి వేయలేను. ఎవరు వేస్తామన్నా వేయనీయలేను. ఇక మిగిలింది సీజర్ రావడం ఒక్కటే.

కావున కోరునది ఏమనగా:

(అ) సీజర్ కెర్మీన్‌ను మరల వెదకించవలెను. వయసు నలభై దాటి ఉంటుంది. పొడగరి. ఎడమ బొటనవేలి మీద గొర్రెల కత్తెర కోసిన గాటు ఉంటుంది. జుట్టు ఎరుపు. ఇప్పటికి నెరిసి ఉండవచ్చును, రాలిపోయి ఉండవచ్చును. దానికి ఇంట్లో ఎవరికీ అభ్యంతరం లేదు.

(ఆ) వెదికేవారు అతన్ని "తప్పిపోయినది నువ్వేనా" అని అడగరాదు. మా కుటుంబంలో ఆ ప్రశ్నకు అవునని చెప్పే మనిషి లేడు. "మీ ఇల్లు ఎక్కడ" అని అడగవలెను.

(ఇ) గొర్రెల కొట్టాలలో, ఉత్తరాది గనుల్లో, పొరుగు కాలనీల ఆసుపత్రుల్లో విచారించవలెను. జైళ్ళలో కూడా విచారించినా మాకు అవమానం కాదు.

(ఈ) ఎర్రజుట్టు ఉన్నంత మాత్రాన మరి యెవరినీ మా ఇంటికి పంపవద్దు. పంపితే అమ్మ పనికి పెట్టుకుంటుంది. పడుకొనుటకు చోటు లేదు.

ఏప్రిల్ వెళ్ళేలోపల జరిగితే మేలు. అటు తర్వాత రోడ్డు బురద.

ఇంతకన్న ఎక్కువ వ్రాయుటకు నాకు భాష చాలదు. తొందర ఎంత ఉన్నదో తమరే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఫిలిప్ కెర్మీన్

మరొక మనవి. ఈ అర్జీ మూయకముందు అమ్మకు చదివి వినిపించాను. మొత్తం విన్నది. ఆరో పేరా కొట్టివేయమన్నది. ఎందుకమ్మా అన్నాను.

"లోపల చస్తే కదరా మీకు తలుపుతో పని. బయటికి దింపండి నన్ను."

ఊరికే అన్నదనుకున్నాను. కాదు. మర్నాడు పొద్దున రొట్టె ముట్టనన్నది. చివరికి నేను, డినీ, ట్రెగెంజా కలిసి ఆమెను దుప్పటిలో పెట్టి కిటికీలోంచి దింపాము. మంచం విప్పి, ముక్కలుగా దింపి, బయట మళ్ళీ బిగించాము. రోడ్డు పక్కన, గేటు దగ్గర వేయమన్నది. డినీ బెరడు ముక్కలతో పైన కప్పు వేస్తానన్నాడు. వద్దన్నది.

"వాన వస్తే ఏం చేస్తావు?" అన్నాను.

"వాడు ఎండలో కూచోలేదా?"

ఇవ్వాళ్టికి నాలుగో రోజు. దారిన పోయేవాళ్ళు బండ్లు ఆపి పలకరిస్తున్నారు. అందర్నీ సీజర్ గురించి అడుగుతున్నది. నిన్న ఒక బండివాడు, "అతను వస్తే ఎవరు ముందు లోపలికి పోతారు పెద్దమ్మా, మీరా, అతనా?" అన్నాడు. "వాడే. వాడి వెనక నేను," అన్నది.

కావున ఆరో పేరా కొట్టివేసినట్లు భావించవలెను. శవపేటిక గురించి ప్రభుత్వం వారు ఆలోచించనక్కరలేదు. మిగిలిన పేరాలు ఉన్నట్లే ఉంచవలెను. నిన్న పడమట మబ్బు పట్టింది.

సీజర్ ఎక్కడైనా కనిపిస్తే, అయ్యా, తమ మనుషులు అతన్ని పట్టి తేనక్కరలేదు. అమ్మకు ఆయాసం ఎక్కువైందని కూడా చెప్పవద్దు. అమ్మ బయట కూర్చుని ఉందని చెప్పండి.